పసుపు వన్నె ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ నిలవదు

ప్రశ్న: మాది ఆర్మూరు దగ్గర ఒక ఊరు. మహిళా సంఘంల పదకొండు మందిమి ఉన్నం. అందరికీ ఎంతో కొంత పసుపు పంట ఉన్నది. పంటనంతా కాడి (పసుపు కొమ్ము) గానే మార్కెట్‌కు పంపకుండ కొంత మేమే వాడుకుందామని పోయినేడాది మూడు పనులు పట్టుకున్నం. నూలు కండువాలకు పసుపుతోని రంగు అద్దినం. సబ్బుతోని ఉతికితే ఎర్ర మచ్చలు లేచినయి, నెల తిరిగేసరికి సగం వెలిసినయి. యాభైల ముప్పై కండువాలు వాపసు వచ్చినయి. పసుపుల సున్నం కలిపి కుంకుమ చేసినం. చేసిన్నాడు మంచి ఎరుపు, నెలకల్లా ఇటుకపొడి లెక్క అయింది. చెమట తగిలితే నొసట పచ్చగైతున్నదని అంటున్నరు. పసుపు పొడి తెల్లటి కవర్లల్ల పోసి దుకాణం ముందట వేలాడదీస్తే అది గూడ పాలిపోయింది. కల్తీ ఏం లేదు, మా చేన్లదే. తప్పు ఎక్కడ జరిగింది? ఇంకో మాట, పట్నంల కర్క్యుమిన్ గోలీలు అమ్ముతున్నరు, అవి వేసుకుంటే మంచిదేనా?

సమాధానం: మీ పసుపులో లోపం లేదమ్మా. మూడు చోట్లా మిమ్మల్ని దెబ్బతీసింది పసుపుకు వన్నె తెచ్చే పదార్థం స్వభావమే. దాని పేరు కర్క్యుమిన్. ఎండిన పసుపులో రకాన్ని బట్టి 2 నుంచి 5 శాతం ఉంటుంది, మేఘాలయలో పండే లకడాంగ్ రకంలో 7 శాతం దాకా కూడా కనిపిస్తుంది. 1815లో వోగెల్, పెల్లెటియర్ అనే ఇద్దరు దాన్ని పసుపు నుంచి వేరు చేశారు. దాని అణువు ఎలా అల్లుకుని ఉందో 1910లో తేలింది. దానికి మూడు గుణాలున్నాయి: నీళ్లలో దాదాపు కరగదు, క్షారం (సున్నం, సోడా, సబ్బు లాంటివి) తగిలితే ఎర్రబడుతుంది, వెలుతురుకు విరిగిపోతుంది. ఈ మూడూ మీకు తెలియనివేమీ కావు, పేర్లే కొత్త.

దిష్టి తీసే ఎర్రనీళ్లు గుర్తు చేసుకోండి. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం వేస్తే క్షణంలో ఎర్రబడతాయి. అదే నీళ్లలో నిమ్మకాయ పిండండి, మళ్లీ పచ్చబడతాయి. తెల్లచొక్కా మీద పప్పు ఒలికిన మరకను సబ్బుతో రుద్దితే ముందు ఎర్రబడుతుంది, రెండు మూడు రోజులు ఎర్రటి ఎండలో ఆరేస్తే మాయమవుతుంది. మరకను పోగొట్టిన ఆ ఎండే మీ కండువాల రంగునూ పోగొట్టింది. మన పెద్దలు పసుపును వాడిన తీరు చూడండి. గడపకు రాసిన పసుపును వారం వారం మళ్లీ రాస్తారు. మంగళసూత్రం దారానికి స్నానమప్పుడల్లా పసుపు పెడతారు. ఈ వన్నెను ఎప్పటికప్పుడు కొత్తగా పెట్టుకోవాలన్న ఎరుక ఆ వాడుకలోనే ఉంది.

ముందు బట్ట సంగతి, మీకు ఎక్కువ నష్టం వచ్చింది అక్కడే కాబట్టి.

పసుపు నూలుకు చాలా తేలిగ్గా పట్టుకుంటుంది. పటిక కూడా అక్కర్లేదు, ఉడికే పసుపు నీళ్లలో ముంచితే చాలు. ఇంత సులువుగా, ఇంత మెరుస్తూ వచ్చే పచ్చరంగు ఇంకోటి లేదు, అందుకే అందరూ దానితోనే మొదలుపెడతారు. కానీ ఎండకు నిలిచే రంగుల వరసలో దానిది అట్టడుగు స్థానం. పటిక ఎంత వేసినా, ఉప్పు వేసినా, వెనిగర్‌లో నానబెట్టినా ఎండ విషయంలో పెద్ద తేడా రాదు. బట్టల సబ్బులు, పొడులు అన్నీ క్షారాలే కాబట్టి ఉతికిన ప్రతిసారీ ఎరుపు తిరుగుతుంది. సబ్బు సరిగ్గా జాడించని చోట ఆ ఎరుపు మచ్చగా కూర్చుంటుంది. కాబట్టి పసుపు అద్దకాన్ని బాగుచేసే దారి వెతకవద్దు. అమ్మే బట్టకు పసుపు మానేయండి.

పచ్చరంగు వెలిసిపోతే ఏమవుతుందో చెప్పే సాక్ష్యం మన తీరం బట్టల్లోనే ఉంది. 18వ శతాబ్దంలో కోరమాండల్ తీరం నుంచి యూరప్‌కు వెళ్లిన అద్దకం బట్టలు ఇప్పటికీ అక్కడి మ్యూజియాల్లో ఉన్నాయి. వాటి మీద పూలు ఎర్రగా చెక్కుచెదరకుండా ఉంటాయి, ఆకులు మాత్రం చాలా వాటిలో నీలంగా కనిపిస్తాయి. అప్పట్లో ఆకుపచ్చ రావాలంటే నీలిమందు మీద పసుపుపచ్చ రంగు పూసేవారు. పైనున్న పచ్చ వెలిసిపోయి, అడుగున నీలం మిగిలింది. మీరు రేపు పసుపు మీద నీలిమందు వేసి ఆకుపచ్చ కండువా చేసినా జరిగేది ఇదే.

మరి నిలిచే పచ్చరంగు ఎక్కడుంది? బంతిపూలలో, దానిమ్మ తొక్కలో, కరక్కాయలో. శ్రీకాళహస్తి కలంకారీలో పచ్చకు వాడేవి కరక్కాయ పువ్వు, దానిమ్మ తొక్కలే. వీటి రంగు పదార్థాలు పటికలోని అల్యూమినియంతో ముడిపడి నూలు పోగులో బిగుసుకుంటాయి. ఎండను పసుపు కన్నా ఎన్నో రెట్లు ఓర్చుకుంటాయి. పసుపంత మెరుపు ఉండదు. ఆ తేడా కొనేవాళ్లకు ముందే చెప్పాలి.

మీకు బంతి అనువైనది. బతుకమ్మ, దసరా రోజుల్లో మీ వైపు బంతికి కొదవ లేదు, పండగ దాటిన మర్నాడు గుమ్మాల తోరణాలు, మార్కెట్లో మిగిలిన పూలు దాదాపు ఊరికే దొరుకుతాయి. కుళ్లకముందే తెచ్చుకుని, రేకలు మాత్రం ఒలిచి, అడుగున ఉండే ఆకుపచ్చ తొడిమె పారేయండి. తొడిమెలు కలిస్తే రంగు మసకబారుతుంది. రేకలను పాత చీర మీద పలచగా పరిచి నీడన ఆరబెట్టండి. వేలితో నలిపితే పొడి కావాలి. తడి మిగిలి డబ్బాలోకి వెళ్తే బూజు పట్టి గోధుమ రంగు వస్తుంది. ఎనిమిది, పది కిలోల పచ్చిపూలు ఆరితే సుమారు ఒక కిలో మిగులుతుంది. రేకల్లో కంటికి కనిపించే నారింజ వన్నె చాలావరకు ల్యూటిన్ అనే వేరే పదార్థానిది, కోళ్ల దాణాకు, కంటి మాత్రలకు తీసేది దాన్నే. అది నీళ్లలోకి రాదు, బట్టకు పట్టదు. నీళ్లలోకి వచ్చి బట్టకు పట్టేవి ఫ్లేవనాయిడ్లు అనే ఇంకో రకం రంగు పదార్థాలు. అందువల్ల నారింజ బంతి వాడినా బట్ట పచ్చగానే వస్తుంది, కంగారు పడకండి.

ఒక కిలో బట్టకు లెక్క చెబుతున్నాం. ఒక్కో కండువా 100 గ్రాములు తూగితే పది కండువాలన్నమాట. బట్టను పొడిగా ఉన్నప్పుడే తూచుకోండి, అన్ని పాళ్లూ ఆ తూకం మీదే. కోరా బట్టకు మగ్గం గంజి, పత్తి మైనం ఉంటాయి. అవి పోకుండా ఏ రంగూ సమంగా పట్టదు. 20 లీటర్ల నీళ్లలో 40 గ్రాముల చాకలి సోడా, కొంచెం సబ్బు వేసి గంటన్నర ఉడకబెట్టండి. నీళ్లు టీ రంగులోకి మారతాయి, అది బట్టలోంచి వచ్చిన మురికి. తర్వాత జారుడు పోయేదాకా జాడించాలి. బాగా ఉడికిందో లేదో తేలిగ్గా తెలుస్తుంది: ఆరిన బట్ట మీద ఒక నీటిచుక్క వేయండి. చుక్క క్షణంలో ఇంకిపోతే సరే. గుండ్రంగా నిలబడితే మళ్లీ ఉడకబెట్టండి. అద్దకంలో వచ్చే మచ్చల్లో ఎక్కువ భాగం ఇక్కడ తొందరపడ్డందువల్ల వచ్చేవే.

తర్వాత కరక్కాయ. గింజ తీసిన కరక్కాయ పెచ్చులు మెత్తగా దంచి 150 గ్రాములు తూచి, వేడినీళ్లలో కలిపి వడగట్టి, 20 లీటర్లు చేయండి. బట్టను అందులో రెండు గంటలు నానబెట్టి మధ్యమధ్య తిప్పుతూ ఉండండి. తీసి పిండి, జాడించకుండా ఆరేయండి. లేత వెన్న రంగు వస్తుంది. నూలుకు అల్యూమినియాన్ని నేరుగా పట్టుకునే గుణం తక్కువ, కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం మధ్యలో ఉండి పట్టిస్తుంది. పట్టు, ఉన్నికి అయితే ఈ మెట్టు అక్కర్లేదు.

ఈ కరక్కాయ బట్టకు ఇనుము పరమ శత్రువు. తుప్పు పట్టిన బకెట్ పిడి, ఆరేసే తీగ, ఇనుప బాణలి, ఏది తగిలినా అక్కడ నల్లటి మచ్చ పడుతుంది, అది ఇక పోదు. కలంకారీలో నల్ల గీతలకు వాడే కసీం పుట్టింది ఈ గుణం నుంచే: ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో పులియబెట్టి కరక్కాయ పట్టించిన బట్ట మీద గీస్తారు, గీసిన చోటల్లా నలుపు తేలుతుంది. అక్కడ వరం, మీకు ఇక్కడ శాపం. స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ తొట్లు, నైలాన్ తాడు వాడండి. అల్యూమినియం గుండిగ కూడా వద్దు, సోడా దాన్ని తింటుంది.

మూడోది పటిక. 150 గ్రాముల పటిక పొడిని వేడినీళ్లలో కరిగించండి. 20 గ్రాముల చాకలి సోడాను వేరే గ్లాసులో కరిగించి, పటిక నీళ్లలోకి కొద్దికొద్దిగా పోయండి. నురుగు పొంగుతుంది కాబట్టి పెద్ద గిన్నె తీసుకోవాలి. సోడా ఒక్కసారిగా పోస్తే పటిక తెల్లటి ముద్దలుగా విరిగిపోతుంది, ఆ ముద్దలు బట్ట మీద మచ్చలవుతాయి. నీళ్లు చేయి పెట్టగలిగినంత వేడిలో ఉన్నప్పుడు తడిపిన బట్ట వేసి, రెండు మూడు గంటలు ఉంచి, తీసి ఒక్కసారి జాడించండి.

ఇప్పుడు రంగు. 400 గ్రాముల ఎండు బంతి రేకలు లేదా రెండు కిలోల పచ్చి రేకలను 20 లీటర్ల నీళ్లలో వేసి, నీళ్లు సలసల మరగకుండా, అంచున చిన్న బుడగలు లేచే వేడిలో ముప్పావుగంట నుంచి గంటసేపు ఉంచండి. తెర్లనిస్తే గోధుమ ఛాయ వస్తుంది. గుడ్డలో వడగట్టండి, ఒక్క రేక మిగిలినా అది అంటుకున్న చోట చుక్క పడుతుంది. కొంచెం చల్లార్చి తడిబట్ట వేసి, మెల్లగా మళ్లీ అదే వేడికి తెచ్చి 45 నిమిషాలు ఉంచండి. మొదటి పావుగంట చేయి తీయకుండా తిప్పాలి, రంగు సమంగా రావడం ఆ పావుగంటలోనే తేలిపోతుంది. పొయ్యి ఆపి ఆ నీళ్లలోనే చల్లారనిచ్చి, తీసి నీడన ఆరేయండి. రెండు రోజులు అలాగే వదిలేసి ఆ తర్వాతే పలచటి కుంకుడు రసంతో ఉతకండి. కుంకుడు రసం కాస్త పులుపు వైపే ఉంటుంది, రంగును కదిలించదు. కొనేవాళ్లకూ ఉతకడానికి అదే చెప్పండి, లేదంటే క్షారం లేని ద్రవ సబ్బు.

దానిమ్మ తొక్క వాడితే కరక్కాయ మెట్టు దాటేయవచ్చు, ఆ తొక్కలోనే టానిన్ నిండుగా ఉంది. పళ్లరసం బండ్ల దగ్గర తొక్కలు అడిగి తెచ్చి ఎండబెట్టండి. కిలో బట్టకు 400 గ్రాముల ఎండు తొక్క, గంటసేపు ఉడకబెట్టి వడగట్టాలి. బంతి నిమ్మపండు వైపు పోతే, ఇది ఆవపిండి వైపు వస్తుంది. నిలకడలో బంతి కన్నా మేలు. మోదుగుపూల గురించి ఎవరైనా చెబుతారు. హోలీ నీళ్లకు అవి చక్కగా ఉంటాయి, అమ్మే బట్టకు వాటి మీద ఆధారపడొద్దు.

మీ ఊళ్లో బోరునీళ్లే అయితే మొదలుపెట్టే ముందు నీళ్లు చూసుకోండి. ఇక్కడ పసుపే మీకు పనికొచ్చే పరికరం. తెల్లకాగితం ముక్కను, స్పిరిట్‌లో కలిపిన పసుపులో ముంచి ఆరబెట్టండి. దాని మీద బోరునీటి చుక్క వేస్తే ఎరుపు ఛాయ తిరిగిందా, ఆ నీళ్లలో క్షారం బాగా ఎక్కువ. అలాంటి నీళ్లలో బంతి రంగు కూడా నారింజ వైపు జరుగుతుంది, ఒక్కో వాయి ఒక్కోలా వస్తుంది. ఇనుము ఉందో లేదో కరక్కాయ కషాయం చెబుతుంది: ఒక గ్లాసు బోరునీళ్లలో నాలుగు చుక్కలు వేయండి, బూడిద రంగు తిరిగితే ఆ నీళ్లు అద్దకానికి పనికిరావు. వాననీళ్లు పట్టి పెట్టుకోవడం అన్నిటికన్నా మంచిది.

అమ్మకానికి పెట్టే ముందు ప్రతి వాయి నుంచి ఒక పీలిక కత్తిరించండి. సగానికి దళసరి అట్ట చుట్టి, ఎండ బాగా పడే కిటికీలో పది రోజులు ఉంచండి. అట్ట తీసి రెండు సగాలూ పక్కపక్కన చూడండి. గీత స్పష్టంగా కనిపిస్తే ఆ వాయి అమ్మొద్దు. పక్కనే ఒక పసుపు పీలిక కూడా కట్టి చూడండి. మొదటి రెండు మూడు రోజులకే అది పాలిపోవడం మొదలవుతుంది. సంఘంలో అందరికీ ఆ రెండు పీలికలూ చూపించండి.

ఇక కుంకుమ. మీరు చేసిన ఎరుపు ఎర్రనీళ్ల ఎరుపే. సున్నం ఉన్నంతసేపే అది ఉంటుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు సున్నాన్ని మెల్లగా సుద్దగా మార్చేస్తుంది, క్షారం తగ్గి ఎరుపు వెనక్కి పోతుంది. చెమట కాస్త పులుపు వైపు ఉంటుంది కాబట్టి నొసట పచ్చబడుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, తడి ఉన్నంతసేపు క్షారంలో కర్క్యుమిన్ తనకు తానే విరిగిపోతుంది. ఇటుక రంగు అందుకే వచ్చింది, ఆ విరిగినది నిమ్మరసం పోసినా తిరిగి రాదు.

నిలిచే కుంకుమ ఎరుపు వేరే దారిలో వస్తుంది. అది వెలిగారం (బోరాక్స్) దారి. వెలిగారంలో బోరాన్ ఉంటుంది. పులుపు సమక్షంలో ఆరుతున్నప్పుడు బోరాన్ కర్క్యుమిన్‌ను పట్టుకుని కొత్త ఎర్రటి పదార్థంగా మారుస్తుంది. ప్రయోగశాలల్లో నీళ్లలో, మట్టిలో బోరాన్ ఎంత ఉందో కొలవడానికి వాడే పద్ధతుల్లో ఒకటి ఈ ఎరుపునే ఆధారం చేసుకుంది.

సాధారణంగా వాడే పాళ్లు ఇవి: కిలో పసుపు గోళకు (గుండ్రటి తల్లి దుంపకు) వెలిగారం 80 నుంచి 100 గ్రాములు, పటిక 20 గ్రాములు, వడగట్టిన నిమ్మరసం 400 మిల్లీలీటర్లు. ముందు 100 గ్రాముల గోళతో, పాళ్లన్నీ పదో వంతు చేసి చూసుకోండి. గోళను వేరుశనగ గింజంత ముక్కలుగా కొట్టాలి, పొడి చేయకూడదు. పొడి అయితే ముద్దకట్టి లోపల రంగు తిరగదు. వెలిగారం, పటిక మెత్తగా నూరి నిమ్మరసంలో కలిపి, ముక్కల మీద పోసి, పింగాణీ లేదా స్టీలు గిన్నెలో ఒకటి రెండు రోజులు పూటకు రెండుసార్లు కలుపుతూ ఉండండి. ఇక్కడ కంటితో చూడాల్సిన గుర్తు ఒకటుంది. తడిగా ఉండగానే ముక్కలు ముదురు ఎరుపుకు తిరిగిపోతే మీ మిశ్రమంలో క్షారం ఎక్కువైంది. వెలిగారం స్వతహాగా క్షారమే, నిమ్మకాయలు పులుపు తక్కువైతే ఇలా జరుగుతుంది. ఇంకొంత నిమ్మరసం పోయండి. తడిలో పచ్చగా, నారింజగా ఉండి, నీడన ఆరుతూ ఆరుతూ ఎర్రబడితే అది నిలిచే ఎరుపు. ముక్క విరిచి చూస్తే లోపలిదాకా ఎరుపు కనిపించాలి. పూర్తిగా ఎండాక దంచి, పలచటి గుడ్డలో జల్లించి, చివర కిలోకు ఒకటి రెండు చెంచాల నువ్వులనూనె పట్టిస్తే నొసట నిలుస్తుంది.

వెలిగారం కడుపులోకి పోకూడదు. పొట్లం మీద "బొట్టుకు మాత్రమే" అని పెద్ద అక్షరాలతో రాయండి. పసిపిల్లలకు పెట్టొద్దని, గాయాల మీద వేయొద్దని కూడా రాయండి. నూరేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ రోలు, ఆ మిక్సీ గిన్నె వంటకు మళ్లీ వాడొద్దు. కుంకుమ సౌందర్య సాధనాల కిందికి వస్తుంది. పెద్ద ఎత్తున అమ్మేముందు జిల్లా ఔషధ నియంత్రణ అధికారి కార్యాలయంలో లైసెన్సు సంగతి అడగండి.

పొడి సంగతి తేలిక. కాడిగా ఉన్నప్పుడు పైతోలు లోపలి వన్నెను కాపాడుతుంది, కళ్లంలో పది పదిహేను రోజులు ఎండినా నష్టం తక్కువ. పొడి చేశాక ప్రతి రేణువూ వెలుతురుకు ఎదురే. లోపలిది కనిపించే తెల్లకవరులో పోసి దుకాణం ముందు వేలాడదీయడం అంటే మరకను ఎండలో ఆరేసినట్టే. లోపల రేకు పూత ఉన్న కవర్లు వాడండి, కొనేవాళ్లు రంగు చూడాలంటే ఒక్క సీసా మాత్రం బయట పెట్టి వారానికోసారి మార్చండి. నెలకు అమ్ముడయ్యేంతే పట్టించండి, మిగతాది కాడిగానే గోనెలో ఉంచండి. మర పట్టేటప్పుడు పొడి చేయి కాలేంత వేడిగా వస్తుంటే ఆపి చల్లారనివ్వండి. వాసన నూనెలు అక్కడే ఆవిరైపోతాయి.

ఉడకబెట్టడంలో ఒక పాత అలవాటు మీ వైపు ఇంకా ఉంటే మానండి: నీళ్లలో సోడా, సున్నం వేయడం. రంగు తేలుతుందని ఒకప్పుడు సలహా కూడా ఇచ్చేవారు. ఇప్పుడు చెప్పేది ఉత్త నీళ్లు. నురుగు వచ్చి, పసుపు వాసనతో తెల్లటి ఆవిరి లేచేదాకా, సుమారు 45 నుంచి 60 నిమిషాలు. పుల్ల గుచ్చితే దిగాలి. ఎక్కువ ఉడికితే వన్నె చెడుతుంది, తక్కువ ఉడికితే కాడి ఎండాక పెళుసుగా విరుగుతుంది. దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం పొడిలో తేమ 10 శాతం మించకూడదు, వన్నె పదార్థం 2 శాతానికి తగ్గకూడదు. పాలిపోయిన పొడిని "బాగుచేయడానికి" ఎవరైనా రంగు కలపమంటే అసలు వినొద్దు. ఆ పచ్చరంగుల్లో మెటానిల్ ఎల్లో అనే రసాయన రంగు ఉండవచ్చు, లెడ్ క్రోమేట్ ఉండవచ్చు. రెండోదానిలో సీసం ఉంటుంది, అది పిల్లల మెదడుకు విషం.

కూరలో కూడా ఈ వన్నె ఇదే తీరున నడుస్తుంది. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ పరిశోధనలో పసుపును ఉడికిస్తే కర్క్యుమిన్ 27 నుంచి 53 శాతం దాకా తగ్గింది, ప్రెషర్ కుక్కర్‌లో ఎక్కువ పోయింది. చింతపండు ఉంటే నష్టం 12 నుంచి 30 శాతానికి దిగింది. పప్పు కుక్కర్‌లో పెట్టేటప్పుడు పసుపు వేసే అలవాటుంటే, కొంత పోపులో నూనెతో వేయండి. నూనెలో నీళ్ల కన్నా బాగా కలుస్తుంది.

కర్క్యుమిన్ గోలీల మాట. కూరలో వేసే పసుపు వేరు, గోలీ వేరు. ఒక చెంచా పసుపు 3 గ్రాములు, అందులో 3 శాతం లెక్కన కర్క్యుమిన్ 90 మిల్లీగ్రాములు. చాలా గోలీల్లో ఒక్కదాంట్లోనే 500 మిల్లీగ్రాములు ఉంటుంది, పైగా ఒంటికి పట్టాలని మిరియాల్లోని పైపరిన్ కలుపుతారు. ఆహారంలో కలిపే పదార్థాలను పరిశీలించే అంతర్జాతీయ నిపుణుల సంఘం (జెక్ఫా) 2003లో చెప్పిన రోజువారీ హద్దు, ఒంటి బరువు కిలోకు 3 మిల్లీగ్రాముల దాకా. అంటే 60 కిలోల మనిషికి 180. అమెరికా, ఇటలీల్లో ఈ గోలీలు వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. పిత్తాశయంలో రాళ్లున్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, గర్భిణులు సొంతంగా వేసుకోకూడదు. మిగతావారు కూడా ఏదో ఒక జబ్బుకు వేసుకోవాలనుకుంటే ముందు డాక్టరుకు చెప్పాలి. గోలీలు మొదలుపెట్టాక కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఆకలి చచ్చినా వెంటనే ఆపి ఆస్పత్రికి వెళ్లాలి. కూరలోని పసుపు గురించి ఈ భయం అక్కర్లేదు.

వాపసు వచ్చిన ముప్పై కండువాలు పారేయొద్దు. ముందు బకెట్ నీళ్లకు రెండు చెంచాల వెనిగర్ లేదా నాలుగు నిమ్మకాయల రసం వేసి పావుగంట ముంచండి, ఎర్ర మచ్చలు పచ్చబడతాయి. తర్వాత వారం రోజులు నడి ఎండలో, రోజూ తిరగేస్తూ, తడుపుతూ ఆరేయండి. మిగిలిన పసుపును వీలైనంత ఎండకే పోనివ్వడం మీ పని. అది లోపల ఉండగా బంతి రంగు వేస్తే, అమ్మిన తర్వాత అది వెలిసి ఛాయ మారుతుంది. పాలిపోయాక పైన చెప్పినట్టు కరక్కాయ, పటిక, బంతి వేయండి. మూడు కిలోల బట్టకు 1200 గ్రాముల ఎండు రేకలు కావాలి, అంటే పది పన్నెండు కిలోల పచ్చిపూలు. ఒకే వాయిలో వేయకండి, గిన్నె ఇరుకైతే మడతల దగ్గర చారలు పడతాయి. పదేసి చొప్పున మూడు వాయిలు చేయండి. మొదటి వాయి కషాయాన్ని పారబోయకుండా ఉంచితే, దానిలోనే ఇంకో నాలుగైదు రుమాళ్లకు లేత ఛాయ వస్తుంది.